కనకవల్లి సృష్టించిన పోస్టులు

దూసి కనకవల్లి రాష్ట్ర ఉప్పు కొటార్ల అభివృద్ధి సంస్థలో సీనియర్ అసిస్టెంటు. ఆ సంస్థ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ఆమె ఓపిగ్గా చెప్పేది. సముద్రం ఉప్పునిస్తుంది, ఎండ దాన్ని ఎండబెడుతుంది, కూలీలు దాన్ని కొటార్లుగా కుప్పపోస్తారు. ఆ కుప్ప ఉన్నదని సంస్థ పై ఆఫీసుకు రాస్తుంది. వాన పడి కుప్ప కరిగితే, కరిగిందని రాయడానికి అనుమతి అడుగుతుంది. అనుమతి వచ్చేలోగా కొత్త కుప్ప లేస్తుంది కాబట్టి లెక్క ఏనాడూ తప్పలేదు.

ఇలాంటి ఉద్యోగం చేసేవాళ్ళకి ఏదో ఒక వ్యసనం ఉండకపోతే పిచ్చెక్కుతుంది. కనకవల్లి వ్యసనం బ్లాగు. దాని పేరు ‘ఊరికే’. పొద్దున ఆఫీసుకు వెళ్ళే బస్సులో ఏదో ఒకటి తడుతుంది. చీపుళ్ళ మోపుతో ఎక్కిన ముసలమ్మ కండక్టరుతో పెట్టుకున్న తగువో, పక్కింటివాళ్ళు ఆరేసిన ఒడియాల మీద కాకి చేసిన పంచాయితీయో. దాన్ని వారమంతా మనసులోనే తిప్పుకుంటుంది. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే ఫోన్లో రాసుకుంటుంది. రాసిన వెంటనే పెట్టదు. కొత్తావకాయలా మూడో నాడు మూత తీసి తిరగ కలుపుతుంది. ఎక్కువైంది తీసేస్తుంది. అప్పుడు పెడుతుంది. పెట్టినవాటిని అరల్లో సర్దడం ఆమెకు ఇంకా ఇష్టం. ‘బస్సు కిటికీ’ అని ఒక అర, ‘వంటింటి సంగతులు’ అని ఒకటి, దేనిలోనూ ఇమడనివాటికి ‘ఊరికే’, అందులోనూ ఇమడనివాటికి ‘ఇంకా ఊరికే’. చదివేవాళ్ళు పాతిక మంది లోపు. వాళ్ళలో ఒక రిటైర్డు హెడ్మాస్టరు అచ్చుతప్పులు మాత్రమే చదువుతాడు.

ఇలా హాయిగా సాగుతుండగా పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. ఉద్యోగులందరూ తమ అంతర్జాల కార్యకలాపాలను స్వచ్ఛందంగా వెల్లడించాలి, వెల్లడించనివారిపై చర్య తీసుకోబడును, అని. పొద్దస్తమానం ఫోన్లో రాజకీయాలు తిట్టే క్యాషియర్ ‘లేవు’ అని రాశాడు. ఆఫీసు కంప్యూటర్లో చీరలు అమ్మే టైపిస్టు ‘లేవు’ అని రాసింది. కనకవల్లి మాత్రం, ‘నాకు ఊరికే అనే బ్లాగు ఉన్నది. అందులో ఇంతవరకు మూడు వందల పోస్టులు పెట్టాను. మరో నలభై డ్రాఫ్టులో ఉన్నవి’ అని రాసి, కింద పొట్టి సంతకం కూడా చేసింది.

“నిన్ను నిజం చెప్పమని ఎవరడిగారే?” అన్నాడు ఆమె భర్త సాంబమూర్తి.

“సర్క్యులర్ అడిగింది కదండీ.”

“సర్క్యులర్లు అడగడానికే ఉంటాయి. చెప్పించుకోవడానికి కాదు.”

పై ఆఫీసులో ఆ కాగితం ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనుకు చేరింది. ఆ సెక్షనులో ముప్పై ఏళ్ళు పనిచేసినవారికి పోస్టు అనే మాటకు ఒకటే అర్థం. ఒక సీనియర్ అసిస్టెంటు ఎవరి అనుమతీ లేకుండా మూడు వందల పోస్టులు సృష్టించిందని, మరో నలభై ముసాయిదా దశలో ఉన్నాయని నోటు లేచింది. విచారణ చేసి నివేదించవలసిందిగా కనకవల్లి ఆఫీసు పరిపాలనాధికారి అవసరాల చయనులు గారికి ఆదేశం వచ్చింది.

చయనులు గారు ఆమెను గదిలోకి పిలిచారు. మెడలో మఫ్లరు, ముందు ఫైలు, ఫైలు మీద ఎర్ర పెన్సిలు.

“కూర్చోండి అనను. ఇది విచారణ. నిలబడండి అని కూడా అనను. మీరు స్త్రీలు. ఆ విషయం మీ విచక్షణకే వదులుతున్నాను,” అన్నారు.

కనకవల్లి కూర్చుంది.

“ఈ సంస్థలో పదకొండేళ్ళుగా ఒక్క పోస్టు సృష్టించబడలేదు. ఒక్క అటెండరు కోసం నేను పంపిన ప్రతిపాదనకు సచివాలయంలో చెదలు పట్టి, ఆ చెదలు కూడా రిటైరైపోయి ఉంటాయి. మీరు మూడు వందలు సృష్టించారు. ఏ అధికారంతో?”

“సార్, అవి ఆ పోస్టులు కావండి. ఊరికే రాసుకునేవి.”

“ఏ పోస్టులోనైనా ఊరికే రాసుకోవడమే కదమ్మా పని?”



“ఇంటర్నెట్లో ఉంటాయండి అవి,” అంది కనకవల్లి.

“ఎక్కడుంటేనేం? కొటారు కాపలాదారు పోస్టు సముద్రపుటొడ్డున ఉంది. ఆఫీసులో లేనంత మాత్రాన పోస్టు కాకుండా పోయిందా? సరే, సదరు పోస్టులను సృష్టించే విధానం వివరించండి.”

వివరించకపోతే ఇంకా ప్రమాదమనుకుని ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. బస్సు, ఆదివారం, ఆవకాయ, మూడో నాడు మూత తీయడం, ఎక్కువైంది కోసెయ్యడం.

“అంటే సృష్టించినదాంట్లో సగం మీరే రద్దు చేస్తారు. పొదుపు చర్య. బాగుంది.” చయనులు గారు రాసుకున్నారు. “వర్గీకరణ ఉందా?”

“లేబుళ్ళున్నాయండి. ఎక్కువ భాగం ‘ఊరికే’లో ఉంటాయి.”

“పనేమీ లేకుండా ఊరికే ఉండే వర్గం. అది మనకు కొత్తేమీ కాదు.” మళ్ళీ రాసుకున్నారు. “పదోన్నతి?”

“ఒక పోస్టు చదివినవాళ్ళు అక్కణ్ణించి ఇంకోదానిలోకి వెళ్ళడానికి లింకు ఇస్తానండి. అంతే.”

“అదే పదోన్నతి. పైమెట్టు ఏది?”

“ఒకదాన్ని అన్నిటికన్నా పైన పిన్ చేసి ఉంచానండి. ‘మజ్జిగ పులుసు’.”

“మేకు కొట్టి ఉంచినది. అనగా శాశ్వత పోస్టు. మరి జీతభత్యాలు?”

“వాటికి జీతమేమిటి సార్!”

చయనులు గారి పెన్సిలు ఆగిపోయింది. కళ్ళజోడు తీసి, మఫ్లరు కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

“జీతం లేదా?” అన్నారు, గుళ్ళో మాట్లాడినంత మెల్లిగా.

ఆ ఒక్క మాటతో కనకవల్లి ముద్దాయి హోదా నుంచి మార్గదర్శి హోదాకు ఎదిగింది. నివేదిక చదివిన మేనేజింగ్ డైరెక్టర్ కుర్చీలో నిలవలేకపోయారు. ఆయన విదేశాల్లో యాజమాన్య శాస్త్రం చదివిన యువకుడు. వెంటనే సమావేశం పెట్టి, “జీతం లేదు, కుర్చీ లేదు, కరెంటు బిల్లు లేదు, పెన్షను లేదు. సమ్మె చేద్దామన్నా గేటు లేదు. ఉద్యోగ కల్పనలో ఇది నవశకం,” అన్నారు. ఆ వారంలోనే మంత్రిగారు ఒక సభలో, ఉప్పు సంస్థలో మూడు వందల కొలువులు భర్తీ చేస్తున్నామని ప్రకటించారు. ఊళ్ళో కూడలిలో మంత్రిగారి నిలువెత్తు బొమ్మ పక్కన, అగ్గిపెట్టంత కనకవల్లి బొమ్మతో ఫ్లెక్సీ లేచింది. ఆ బొమ్మ ఆమె బస్సు పాసు మీదిది.

ఆర్థిక శాఖ ఒక్క మెలిక పెట్టింది. కొత్త పోస్టులు సృష్టించాలంటే అన్నే పాత ఖాళీలు సరెండరు చెయ్యాలి. సంస్థలో కొటారు కాపలాదార్లు, తూకందార్లు, ఇనస్పెక్టర్లు కలిపి సుమారు మూడు వందల ఖాళీలు ఏళ్ళ తరబడి ఉన్నాయి. జీతమున్నవి. వాటన్నిటినీ ఒక్క సంతకంతో సరెండరు చేశారు. ఉన్న ఉద్యోగాలు పోయి, లేని ఉద్యోగాలు వచ్చాయి. లెక్క సరిపోయింది.

పరీక్షకు సిలబస్ కనకవల్లి బ్లాగు. నెల తిరక్కుండానే బస్టాండు పక్క కోచింగు సెంటర్లు బ్యానర్లు మార్చాయి. బిట్ బ్యాంకులు వచ్చాయి. బస్సులో ఆమె పక్క సీట్లో కూర్చున్న పిల్లలు, ‘రచయిత్రి పక్కింటి ఒడియాల మీద వాలిన కాకి ఏ దిక్కుగా ఎగిరెను?’ అని బట్టీ పడుతుంటే, ఆమె చీర కొంగుతో ముఖం కప్పుకునేది. ఒకసారి ఉండబట్టలేక, “తూర్పుకి బాబూ,” అంది. “కాదండి ఆంటీ. కీలో పడమర,” అన్నాడు ఆ కుర్రాడు. ఆమె బ్లాగు తీసి చూసుకుంది. తూర్పే. కీ మీద అభ్యంతరం పంపింది. ‘విషయ నిపుణుల సంఘం పరిశీలించి తిరస్కరించడమైనది’ అని జవాబొచ్చింది.

ఫలితాలు వచ్చిన మర్నాడు ఆమె ఇంటి గుమ్మం ముందు ఒకతను నిలబడ్డాడు. ముప్పై నాలుగేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో స్వీటు పొట్లం, దాని కింద నియామక పత్రం.

“తవిటినాయుడండి నా పేరు. మీ మజ్జిగ పులుసులో జాయినవడానికొచ్చీసానండి.”

కనకవల్లికి నవ్వొచ్చింది. అతని ముఖం చూసి ఆపుకుంది.

“లోపలికి రా బాబూ. అది నిజం ఉద్యోగం కాదు, తెలుసా నీకు? జీతం కూడా లేదు.”

“తెలుసండి. గౌరవ పోస్టని రాసుందండి.”

“మరెందుకొచ్చావు?”

తవిటినాయుడు గడప దగ్గరే నిలబడి చెప్పాడు. “డిగ్రీ అయిపోనాక పన్నెండేళ్ళనుండి పరీక్షలు రాస్తన్నానండి. కాపలాదారుకి రాసేను, తూకందారుకి రాసేను. నోటిఫికేషను ఇస్తారు, కోర్టుకెళ్తాది, రద్దవుతాది. ఒక్కదాన్లో పేరొచ్చిందండి, ఇదే. మాయమ్మ ఊళ్ళో అందరికీ చెప్పీసింది. మీ పిన్నుకొట్టినది టాప్ ర్యాంకోడికే ఇస్తారంటండి. నాకే వచ్చింది.” అంటూ స్వీటు పొట్లం చేతిలో పెట్టాడు. “మాయమ్మ పంపిందండి.”

ఆమె అతనికి కాఫీ ఇచ్చింది. ఇంకేం ఇవ్వాలో తోచలేదు.

మర్నాటి నుంచి మూడు వందల మంది విధుల్లో చేరారు. హాజరు వేయించుకునే పద్ధతిని మేనేజింగ్ డైరెక్టర్ స్వయంగా రూపొందించారు. ఎవరి పోస్టు కింద వారు ఉదయం పది గంటలకు ‘హాజరు’ అని కామెంటు పెట్టాలి, సాయంత్రం ‘సెలవు’ అని పెట్టాలి. ఆలస్యంగా వచ్చినవారిని చయనులు గారు అదే కామెంట్లలో మందలించేవారు. ‘చీపుళ్ళ ముసలమ్మ పోస్టువారు క్రమశిక్షణ పాటించవలెను.’ రిటైర్డు హెడ్మాస్టరు ఈ హాజర్ల మధ్య ఎక్కడో, ‘హాజరుకు దీర్ఘం అక్కర్లేదు’ అని ఒకసారి పెట్టి, తర్వాత కనిపించడం మానేశాడు.

కనకవల్లికి అసలు కష్టం ఆదివారాల్లో తెలిసొచ్చింది. కొత్తది రాసి పెట్టబోతే మెమో వచ్చింది. అదనపు పోస్టు సృష్టికి ఆర్థిక శాఖ అంగీకారం జతచేయాలి, లేదా అందుకు సమానమైన ఒక ఖాళీని సరెండరు చేయాలి. పోనీ పాతదాంట్లో వాక్యం సరిచేద్దామని ‘బస్సు కిటికీ’ అరలోని ఒక పోస్టులో ఒక మాట మార్చింది. ఆ పోస్టులో ఉన్న అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. విధుల స్వరూపం మారిందని తనకు సంజాయిషీ నోటీసిచ్చారట. మారిన వాక్యం తను చదువుకున్న బిట్ బ్యాంకులో లేదట. కనకవల్లి పాత వాక్యాన్నే తిరిగి పెట్టింది. డ్రాఫ్టులో ఉన్న నలభైని ‘ఖాళీలు’గా ప్రకటించి, వాటికి కూడా నోటిఫికేషన్ తయారుచేస్తున్నారని తెలిసింది. సగం రాసినవి, ఇంకా మూత తీయనివి. వాటిలో కొన్ని అత్తగారి గురించి.

బస్సులో ఇప్పటికీ ఏవేవో తడుతూనే ఉన్నాయి. రాసే చోటు లేక, దిగే స్టాపు వచ్చేసరికి అవి ఎక్కడికో పోతున్నాయి. ఇంట్లో మాటకు ముందు విసుక్కోవడం మొదలుపెట్టింది.

“మూసెయ్యి,” అన్నాడు సాంబమూర్తి ఒక ఆదివారం. “నీ బ్లాగు. నీ ఇష్టం. ఒక్క నొక్కుతో అంతా పోతుంది. వాళ్ళు ఏం పీకుతారు?”

ఆమె ఫోన్ తీసింది. మొత్తం తొలగించే చోటికి వెళ్ళింది. ‘నిశ్చయంగా తొలగించమంటారా?’ అని అడిగింది అది. ఇన్నాళ్ళలో ఆమెను అభిప్రాయం అడిగింది అదొక్కటే. వేలు పెట్టబోయి ఆగింది. ఇస్త్రీ చొక్కా కళ్ళ ముందు కదిలింది. ఊరంతా తిరిగి చెప్పుకున్న ఆ తల్లి కదిలింది. తను ఆవిడ ముఖం కూడా చూడలేదు.

“ఏమైంది?” అన్నాడు భర్త.

“మూడు వందల మంది ఉద్యోగాలండీ,” అంది.

“లేని ఉద్యోగాలే!”

“లేవని మనకు తెలుసు. వాళ్ళమ్మలకు తెలియదుగా.”

ఫోన్ పక్కన పెట్టేసింది. ఈ ప్రపంచంలో దయకు ప్రతిఫలం ఉంటుందని పెద్దలంటారు. ఉంది. రెండు వారాల్లో వచ్చింది.

ఆడిటువాళ్ళు లెక్క చూస్తే, సృష్టించినవి మూడు వందలు, సరెండరు చేసినవి రెండు వందల తొంభై తొమ్మిది అని తేలింది. ఒక్కటి తక్కువ. దాన్ని పూడ్చడానికి సంస్థలో ఖాళీ మిగల్లేదు. కనుక పని తక్కువగా ఉన్న ఒక పోస్టును గుర్తించి రద్దు చేయాలన్నారు. చయనులు గారు మళ్ళీ పిలిచారు. ఈసారి కూర్చోండి అన్నారు. దాంతో ఆమెకు విషయం అర్థమైపోయింది.

“మీరు విధి నిర్వహణలో ఉంటూ కూడా మూడు వందల పోస్టులు సృష్టించగలిగారంటే, మీ సీటులో పని లేదన్నది స్వయంవిదితమని పైవారి అభిప్రాయం. నా అభిప్రాయం అడగలేదు. అడిగినా అదే చెప్పేవాణ్ణి, నాకు ఇంకా నాలుగు నెలల సర్వీసుంది.” ఆయన మఫ్లరు సర్దుకున్నారు. “సీనియర్ అసిస్టెంటు పోస్టు సరెండరు చేయబడినది. అయితే సంస్థ మానవీయమైనది. మిమ్మల్ని తగిన పోస్టులో సర్దుబాటు చేస్తున్నాం. పాత జీతం కొనసాగుతుంది, ప్రొబేషన్ పరీక్ష పాసవ్వాలన్న షరతు మీద.”

“ఏ పోస్టులో సార్?”

“మజ్జిగ పులుసు. అది కాస్త పెద్దది. విభజించాం. తాలింపు వరకు తవిటినాయుడు గారు, తాలింపు నుంచి మీరు. ఆయన ముందుగా చేరారు కనుక సీనియారిటీ ఆయనది. ఆయన కింద రిపోర్టు చేయండి.”

మర్నాడు ఉదయం పది గంటలకు కనకవల్లి తన బ్లాగులో, తన పోస్టు కింద, ‘హాజరు’ అని పెట్టింది. వెంటనే తవిటినాయుడు ఫోన్ చేశాడు.

“మేడమ్ గారూ, నాకేటీ తెలీదండి. ఆర్డరు అలాగొచ్చింది. మీరు నా కింద ఏటండీ, తప్పు కాదా?”

“తప్పేం లేదు నాయుడూ. పనేమిటో చెప్పు.”

“పనేటుంటాదండి, రోజుకోపాలి చదవడమే. నాను రెండుపాలి చదువుతాను. బాగుంటాది.”

ప్రొబేషన్ పరీక్ష ఆ నెలాఖరున ఓ హైస్కూల్లో పెట్టారు. కనకవల్లి హాల్ టికెట్టు పట్టుకుని, తన సగం వయసున్నవాళ్ళ మధ్య చిన్న బెంచీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. మొదటి ప్రశ్న: ‘మజ్జిగ పులుసు పోస్టు సృష్టి వెనుక గల ముఖ్యోద్దేశమేమి?’ పాల ఉత్పత్తుల ప్రోత్సాహము. మహిళా సాధికారత. ఉప్పు వినియోగము పెంపుదల. పైవన్నీ. ఆమె నాలుగూ చదివింది. నాలుగు గడుల్లో ఏదీ నింపకుండా, పక్కన ఖాళీలో ‘ఇవేవీ కావు’ అని రాసింది. తక్కిన ప్రశ్నలకూ దాదాపు అలాగే రాసింది.

ఫలితాల్లో ఆమె పేరు ఎదురుగా ‘అనుత్తీర్ణ’ అని వచ్చింది. దిద్దినవారు రిమార్కు కూడా రాశారు. ‘అభ్యర్థికి విషయంపై కనీస అవగాహన లేదు. రచయిత్రి దృక్పథాన్ని అర్థం చేసుకునే ప్రయత్నం చేయలేదు.’ మరొక్క అవకాశం ఇస్తామని, అదీ తప్పితే ఇంటికి పంపుతామని కింద ముద్ర.

సాయంత్రం తవిటినాయుడు ఇంటికొచ్చాడు. తనే తప్పినట్టు తలొంచుకున్నాడు.

“దిగులు పడకండి మేడమ్. నాను చెప్తాను మీకు. నాకు నూటికి తొంభై ఎనిమిదొచ్చాయి. ఆ పోస్టు రాసినావిడ మనసులో ఏటుందో నాకు బాగా తెలుసు.”

ఆ రాసినావిడతోనే మాట్లాడుతున్నానన్న సంగతి అతను మరిచిపోయాడు. ఆమె గుర్తు చెయ్యలేదు.

“ఏముందంటావు?”

అతను చేతిలోని బిట్ బ్యాంకు పక్కన పెట్టాడు.

“వోళ్ళమ్మ పోయిందండి ఆ ఏడాది. రాయలేదు గానీ తెలుస్తాది. మజ్జిగెంత, మిరపకాయలెన్ని, తాలింపులో ఏటెయ్యాలి, అంతా రాసి, ఉప్పు దగ్గరకొచ్చేసరికి ఎంతెయ్యాలో రాయలేకపోనాది. అమ్మ చేత్తో వేసేది కదా, కొలత ఎవులికి తెలుసు? అక్కడ ఆపీసింది. రెండుపాలి చదివితే కళ్ళంట నీళ్ళొస్తాయండి.”

కనకవల్లి లేచి వంటింట్లోకి వెళ్ళింది. కాఫీ పెట్టడానికని చెప్పి వెళ్ళింది గానీ, చాలాసేపు పొయ్యి వెలిగించలేదు. తిరిగి వచ్చేసరికి తవిటినాయుడు బిట్ బ్యాంకు తెరిచి, పెన్సిలుతో గీతలు పెడుతున్నాడు.

“అదంతా మనలో మాటండి,” అన్నాడు కాఫీ అందుకుంటూ. “పరీక్షలో మాత్రం ‘పైవన్నీ’ అని పెట్టండి.”